కోటి చక్రాల లెక్క: మెడ డిస్క్ అరుగుదల పరీక్ష డైరీ

చక్రాలు: సున్నా

ఈ డైరీలో తేదీలు ఉండవు. మా పని క్యాలెండర్ ప్రకారం కాక మెషీన్ మీది కౌంటర్ ప్రకారం సాగుతుంది. అందుకే ప్రతి నమోదు పైనా అప్పటికి పూర్తయిన చక్రాల సంఖ్య రాస్తున్నాను. ఒక చక్రం అంటే మెడ ఒకసారి ముందుకు వంగి, వెనక్కి వాలి, మళ్ళీ మొదటి చోటికి రావడం.

పని చేస్తున్నది ఇంగ్లండు ఉత్తర ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయ ల్యాబులో. మా దగ్గర ఆరు స్టేషన్ల వెన్నెముక సిమ్యులేటర్ ఉంది, అంటే వెన్నెముక కదలికలను అనుకరించే యంత్రం. మెడ పూసల మధ్య పాడైన డిస్క్ తీసేసి ఆ స్థానంలో పెట్టే కృత్రిమ డిస్కులు ఆరు దానిలో బిగించి, అవి ఎంత అరుగుతాయో కొలవాలి. డిజైన్ చాలాకాలంగా వాడుకలో ఉన్న రకమే. పై పలక కోబాల్ట్-క్రోమ్, దాని అడుగున నునుపైన గుంట. కింది పలకలో బిగించిన పాలీఎథిలీన్ గుండు. గుంట గుండు మీద జారుతుంటే మెడ కదులుతుంది. ఆ పాలీఎథిలీన్ పూర్తి పేరు అల్ట్రా హై మాలిక్యులర్ వెయిట్ పాలీఎథిలీన్. ల్యాబులో అందరం పాలీ అనే అంటాం, ఇక్కడా అలాగే రాస్తాను.

ఈ ప్రాజెక్టులో నేను తేల్చుకోదలచినది ఒక్కటే. డిస్క్ అదే, బరువు అదే, ద్రవం అదే. కదలిక దారిని మాత్రం మారిస్తే అరుగుదల ఎంత మారుతుంది? కంపెనీల పత్రాల్లో అరుగుదల రేటును డిస్కుకు సొంతమైన గుణంలాగా, బరువు, కొలతల పక్కన ఒక అంకెగా వేస్తారు. ఏ దారిలో కదిపి కొలిచారో చెప్పని రేటుకు అర్థం లేదని నా గట్టి నమ్మకం. దాన్ని మా సొంత నమూనాల మీదే చూపాలి.

ప్రస్తుతం డిస్కులు నానుతున్నాయి. పాలీ ద్రవాన్ని పీల్చుకుంటుంది. చాలా కొంచెమే, కానీ మేం కొలవబోయే నష్టం కూడా అంత కొంచెమే. పొడి డిస్కును నేరుగా మెషీన్ ఎక్కిస్తే మొదటి వారాల్లో అరిగి పోయిన బరువును పీల్చుకున్న బరువు కప్పేస్తుంది. అందుకని ముందే సీరంలో నానబెట్టి, మధ్య మధ్య తీసి తూచి, పెరుగుదల నెమ్మదించాకే పని మొదలుపెడతాం.

సీరం గురించి కూడా చెప్పాలి. నీళ్ళలో పరీక్షిస్తే పాలీ అరిగే తీరే వేరుగా ఉంటుంది. లోహం మీద పాలీ పొర అంటుకుపోతుంది, శరీరంలో అలా జరగదు. కీళ్ళ ద్రవంలో ఉండే ప్రొటీన్లు ఆ పొరను అడ్డుకుంటాయి. అందుకే దూడ రక్తం నుంచి తీసిన సీరాన్ని లీటరుకు 30 గ్రాముల ప్రొటీన్ ఉండేలా పలచన చేసి వాడుతున్నాం. క్యాల్షియం పేరుకోకుండా ఈడీటీఏ, కుళ్ళకుండా సోడియం ఎజైడ్ కలుపుతాం. ఎజైడ్ విషం. పైగా రాగి, సీసపు గొట్టాల్లోకి పోతే పేలే స్వభావమున్న లవణాలు ఏర్పడతాయి. వాడిన సీరం ఒక్క చుక్క కూడా సింకులోకి పోకూడదని మా టెక్నీషియన్ తలుపు మీదే కాగితం అంటించారు. ఆ కాగితానికి ఎంత విలువ ఉందో పని మొదలుపెట్టిన ప్రతి విద్యార్థికీ మొదట చెప్పాలి.

సున్నా నుంచి మొదటి లక్ష

బిగించాం, తిప్పాం. పరామితులు ఐఎస్ఓ 18192-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పెట్టాం. మెడ డిస్కుకు ముందుకూ వెనక్కూ 7.5 డిగ్రీల చొప్పున, పక్కలకు 6 డిగ్రీల చొప్పున, మెలిక ఇటూ అటూ 4 డిగ్రీల చొప్పున. నిలువు బరువు 50 నుంచి 150 న్యూటన్ల మధ్య ఊగుతుంది. తల బరువు, దాన్ని నిలబెట్టే కండరాల లాగుడు రెండూ అందులో కలిసి ఉంటాయి. నడుము డిస్కుకైతే ఇదే ప్రమాణం 600 నుంచి 2000 న్యూటన్లు అడుగుతుంది. మెడ పరీక్ష తేలికేమో అనిపిస్తుంది గానీ, తక్కువ బరువు దగ్గర ఆరు స్టేషన్లలోనూ బలాన్ని ఒకేలా పట్టి ఉంచడం మెషీన్‌కు ఎక్కువ కష్టం. 50 న్యూటన్ల దగ్గర చిన్న తేడా వచ్చినా శాతంలో పెద్దదవుతుంది.

వేగం సెకనుకు ఒక చక్రం. రోజుకు 86,400. ఎక్కడా ఆగకపోతే పది లక్షలకు పదకొండున్నర రోజులు, కోటికి నాలుగు నెలలకు కాస్త తక్కువ. కానీ ఆపకుండా ఎవరికీ సాధ్యం కాదు. ప్రతి ఐదు లక్షలకూ సీరం మార్చాలి, తూచే ప్రతిసారీ అన్నీ విప్పాలి.

వేగాన్ని పెంచి తొందరగా ముగించవచ్చు కదా అని చూడటానికి వచ్చినవాళ్ళు తరచూ అడుగుతారు. రాపిడితో పుట్టే వేడి అడ్డం వస్తుంది. ద్రవాన్ని 37 డిగ్రీల దగ్గర ఉంచినా గుంటకూ గుండుకూ మధ్య తాకిడి చోట వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. వేగం పెంచితే అక్కడ ప్రొటీన్ ఉడికి తెల్లటి పొరలా పేరుకుంటుంది. అప్పుడు మనం కొలిచేది ఆ పొర ఉన్న స్థితిని. మనిషి మెడ రాత్రి ఎనిమిది గంటలు విశ్రాంతి తీసుకుంటుంది, మా మెషీన్ తీసుకోదు. ఆ తేడా ఎలాగూ ఉంది, దాన్ని ఇంకా పెంచడం నాకు ఇష్టం లేదు.

ఏడో డిస్క్ పక్కనున్న గిన్నెలో ఉంది. దాని మీద అదే బరువు, అదే సీరం, అదే వేడి. కదలిక మాత్రం లేదు. అది ఎంత బరువు పెరిగితే అంత నీరు పీల్చుకున్నట్టు లెక్క. ఈ ఏడోది లేకపోతే మిగతా ఆరింటి అంకెలు నమ్మడానికి లేదు.

5 లక్షలు

మొదటి తూకం. ఈ పని గురించి వివరంగా రాస్తాను. ప్రాజెక్టు నాణ్యత అంతా ఈ గదిలోనే నిలుస్తుంది లేదా పోతుంది.

డిస్కును విప్పాక ముందు డీఅయనైజ్డ్ నీటితో కడుగుతాం. తరువాత అల్ట్రాసోనిక్ తొట్టిలో నీరు, సబ్బు ద్రావణం, మళ్ళీ నీరు. ఆపైన ఐసోప్రొపనాల్‌లో కాసేపు, ఆ తరువాత వాక్యూమ్‌లో ఆరబెట్టడం. అప్పుడు త్రాసు ఉన్న గదికి తెచ్చి ఆ గది వేడికీ తేమకూ అలవాటుపడే దాకా ఉంచాలి. ఇక్కడ తొందరపడితే అంకె కళ్ళముందే జారుతూ ఉంటుంది. డిస్క్ గాలిలోని తేమను తీసుకుంటూనో ఇస్తూనో ఉంటుంది కదా.

ఆ తరువాతి ఇబ్బంది స్థిర విద్యుత్తు. పాలీని తుడిచినా, చేతి తొడుగుతో పట్టుకున్నా ఛార్జి చేరుతుంది. త్రాసు గాజు గోడ దాన్ని లాగుతుంటే మైక్రోగ్రాములు అటూ ఇటూ పోతాయి. ఛార్జిని పోగొట్టే అయనైజర్ ముందు నిలిపి, ఆ తరువాతే పళ్ళెంలో పెడతాం. ఆరు డిస్కులనూ వరుసగా తూచి మళ్ళీ మొదటిదానికి వస్తాం. ఒకే డిస్కును వెంటవెంటనే రెండుసార్లు తూచి సరిపోయిందనుకోవడం మోసపోవడమే. గది మారితే రెండూ కలిసే మారతాయి. వరుస తిప్పి తూచితేనే జారుడు బయటపడుతుంది.

ఫలితం: ఆరు డిస్కులూ సగటున ఒక మిల్లీగ్రాము లోపే తగ్గాయి. ఏడోది మాత్రం ఒక మిల్లీగ్రాములో దాదాపు ఐదో వంతు పెరిగింది. ఆ పెరుగుదలను నష్టానికి కలిపితే ఆరింటి అసలు అరుగుదల ఒక మిల్లీగ్రాముకు కొంచెం పైన. ఏడో డిస్క్ లేకపోతే ఐదో వంతు అరుగుదల మా లెక్కలోకి వచ్చేదే కాదు.

10 లక్షలు

రెండో తూకం మొదటిదానికి పొందికగానే ఉంది. పది లక్షల చక్రాలకు రేటు రెండు మిల్లీగ్రాములకు కాస్త ఎక్కువగా నిలబడుతోంది. ఇంకా గీత గీయడానికి బిందువులు చాలవు.

మైక్రోస్కోపు కింద గుండు చూడటం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం. మొదట్లో లేత్ పనిముట్టు వదిలిన వలయాలు వరుసగా కనబడేవి. ఇప్పుడు కొన మీద అవి పూర్తిగా పోయి అద్దంలా మెరుస్తోంది. పక్కలకు దిగేకొద్దీ వలయాలు అలాగే ఉన్నాయి. ఏ భాగం గుంటను తాకిందో, ఏది తాకలేదో ఆ గీతలే చెబుతాయి.

కోఆర్డినేట్ కొలత యంత్రంతో గుండు ఎత్తు కూడా కొలిచాం. తూకం చెప్పిన దానికంటే ఎత్తు ఎక్కువ తగ్గింది. ఇందులో వైరుధ్యం లేదు. బరువు కింద పాలీ నెమ్మదిగా అణిగి పక్కలకు జరుగుతుంది. పదార్థం ఎక్కడికీ పోలేదు, ఆకారం మారింది, అంతే. తూకానికి ఈ అణుగుడు కనబడదు, కొలత యంత్రానికి కనబడుతుంది. ఎక్స్‌రేలో డిస్క్ ఎత్తు తగ్గిందని చూసి అంతా అరిగిపోయిందనుకోకూడదని వైద్యులకు చెప్పడానికి ఈ తేడా పనికొస్తుంది.

ఒక లెక్క వేసి చూశాను. పాలీ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.935 గ్రాములు. రెండు మిల్లీగ్రాములంటే రెండు ఘన మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక్కో రేణువు అర మైక్రాన్ వ్యాసమున్న గోళమనుకుంటే పది లక్షల చక్రాలకు మూడు వేల కోట్లకు పైగా రేణువులు వస్తాయి. చక్రానికి ముప్పై వేలు పైన. తల ఒకసారి వంచి ఎత్తితే అన్ని. నిజంలో రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండవు కాబట్టి ఇది స్థాయి తెలియడానికి వేసిన లెక్క మాత్రమే. అయినా దీన్ని వేసుకున్నాక రెండు మిల్లీగ్రాములు నాకు చిన్నగా కనబడటం మానేశాయి. మైక్రాన్‌లో కొన్ని వంతుల నుంచి పది మైక్రాన్ల దాకా ఉన్న రేణువులనే శరీరంలోని మాక్రోఫేజ్ కణాలు మింగడానికి చూస్తాయి. జీర్ణం చేసుకోలేక అవి విడుదల చేసే సంకేతాల వల్లే తుంటి కీళ్ళ చుట్టూ ఎముక కరుగుతుందని దశాబ్దాల అనుభవం చెబుతోంది. మెడలో వచ్చే మొత్తం తుంటి కంటే చాలా తక్కువ. కానీ అక్కడ పక్కనే వెన్నుపాము ఉంది.

17 లక్షలు దాటాక

నాలుగో స్టేషన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు వారాంతంలో చిరిగింది. సీరం కొంత కారింది, మిగిలింది ఆవిరై చిక్కబడింది. మెషీన్ ద్రవమట్టం హెచ్చరిక ఇచ్చి ఆగింది, కానీ అప్పటికి చాలా గంటలు తక్కువ ద్రవంలో తిరిగి ఉంటుంది.

ఆ విడత నాలుగో డిస్క్ అరుగుదలను ఏం చేయాలన్న దాని మీద ల్యాబులో చాలాసేపు చర్చ జరిగింది. తీసెయ్యమన్నవాళ్ళున్నారు. నా అభిప్రాయం వేరు. ఆ అంకెను పట్టికలో ఉంచాలి, పక్కన జరిగినది రాయాలి, సగటు రేటును దాన్ని కలిపి ఒకసారి, విడిచి ఒకసారి రెండు విధాలా ఇవ్వాలి. చదివేవాళ్ళు తమంతట తాము తేల్చుకుంటారు. నమూనాలే ఆరు. వాటిలో ఒకదాన్ని కనబడకుండా తీస్తే అంకెల మధ్య తేడా ఎంత ఉందో ఎవరికీ తెలియదు. చివరికి అలాగే చేద్దామన్నారు. తొడుగు మార్చి, తాజా సీరం పోసి మళ్ళీ తిప్పాం.

30 లక్షలు

ఐదు బిందువులు దాటాయి కాబట్టి గీత గీశాను. అడ్డంగా చక్రాలు, నిలువుగా అరుగుదల. బిందువులు గీతకు దగ్గరగా ఉన్నాయి. రేటు అంటే ఆ గీత వాలు. చివరి తూకాన్ని చక్రాలతో భాగిస్తే కూడా ఒక అంకె వస్తుంది. కానీ మొదట్లో గీతలు చెరిగేటప్పుడు పోయిన పదార్థం కూడా అందులో కలిసిపోతుంది.

ఈ వారం తెనాలి నుంచి మా మామయ్య ఫోన్ చేశాడు. ఆయనకు మెడలో డిస్క్ తీసేసి రెండు పూసలు కలిపి ప్లేటు వేసి బిగించారు. అప్పటికి కృత్రిమ డిస్క్ మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేను చేస్తున్న పని సంగతి అమ్మ చెప్పిందట.

"ఒరే, ఆ బిళ్ళ ఎన్నేళ్ళు వస్తుందిరా?" అన్నాడు.

"కోటిసార్లు వంచి చూస్తున్నాం మామయ్యా."

"కోటి సంగతి నాకెందుకురా, ఏళ్ళు చెప్పు."

ఆ అడిగింది సూటిగా అడిగిన ప్రశ్న. మనిషి ఏడాదికి బాగా వంగే వంపులు సుమారు లక్షా పాతిక వేలని ఈ రంగంలో చాలాకాలంగా వాడుతున్న లెక్క ఒకటుంది. అది నడుము కోసం వేసింది. దాని ప్రకారం కోటి చక్రాలంటే 80 ఏళ్ళు. కానీ ప్రతి అడుగుకూ, ప్రతి చిన్న తల ఊపుకూ కూడా డిస్క్ కొంచెం కదులుతుంది. అవన్నీ కలిపితే ఏడాదికి పది లక్షలకు పైనే పోవచ్చు, అప్పుడు అదే కోటి పదేళ్ళకు కూడా రాదు. అయితే చిన్న కదలికలో అరిగేది కూడా తక్కువే. రెండు అంకెల మధ్య ఎక్కడో నిజం ఉంటుంది. మామయ్యకు ఇదంతా చెప్పాను. "అంటే మీకూ తెలీదన్నమాట" అనలేదు ఆయన. "పూసలు కలిపేస్తే పక్క పూస మీద పడుతుందంటున్నారు, అది నిజమేనా?" అని అడిగాడు. నిజమే. కలిపేసిన చోట కదలిక పోతే పై పూస, కింది పూస ఆ పని కూడా చేయాల్సి వస్తుంది. డిస్కును కదిలేలా ఉంచాలన్న ఆలోచన మొదలైందే అక్కడి నుంచి. ఆ కదలికకు చెల్లించే ధర అరుగుదల. ధర ఎంతో కొలవడం మా పని.

50 లక్షలు

ఇప్పుడు అసలు ప్రయోగం. ఇప్పటిదాకా వంపు, పక్కవాలు, మెలిక మూడూ ఒకేసారి సాగాయి. వంపుకూ పక్కవాలుకూ మధ్య పావు చక్రం తేడా ఉంది. వంపు చివరికి చేరే వేళకు పక్కవాలు సున్నా దగ్గర ఉంటుంది. ఈ రెండూ కలిస్తే గుండు కొన మీది బిందువు గీతలాగా ముందుకూ వెనక్కూ పోదు, దీర్ఘవృత్తంలాగా చుట్టి వస్తుంది. ఆరు మిల్లీమీటర్ల వ్యాసార్థం అనుకుంటే ఒక చక్రానికి సుమారు నాలుగున్నర మిల్లీమీటర్ల జారుడు. కోటి చక్రాలకు 45 కిలోమీటర్లు, అంటే విజయవాడ నుంచి బయలుదేరి గుంటూరు దాటిపోయేంత దూరం, ఒక మిల్లీమీటరున్నర వెడల్పు చోటులో.

ఈ రోజు నుంచి పది లక్షల చక్రాల పాటు పక్కవాలు, మెలిక రెండింటినీ ఆపేశాం. వంపు మాత్రమే. బరువు మారలేదు.

ఎందుకు మారుతుందని అనుకుంటున్నానో ముందే రాసి పెడుతున్నాను, ఫలితం చూశాక కథ అల్లినట్టు కాకుండా. పాలీ అణువులు చాలా పొడవైన గొలుసులు. లోహం ఒకే దిక్కులో మళ్ళీ మళ్ళీ జారితే పై పొరలోని గొలుసులు ఆ దిక్కుకే తిరిగి వరుసగా పడుకుంటాయి. ఆ దిక్కులో లాగితే అవి గట్టిగా నిలుస్తాయి, అరుగుదల దాదాపు ఆగుతుంది. కానీ అడ్డంగా లాగితే? గొలుసును గొలుసుతో పట్టి ఉంచే బలం తక్కువ. నారలు విడిపోయినట్టు పోగులు ఊడిపోతాయి. దారి ఎంత అడ్డదిడ్డంగా ఉంటే అరుగుదల అంత. దీన్ని క్రాస్ షియర్ అంటారు.

ఈ సంగతి తుంటి కీళ్ళ పరిశోధకులు కష్టపడి నేర్చుకున్నదే. మాకు దగ్గరలోనే రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ అనే శస్త్రవైద్యుడు మొదట టెఫ్లాన్ గిన్నెలతో తుంటి కీళ్ళు చేశాడు. కొద్ది ఏళ్ళలోనే అవి ఘోరంగా అరిగిపోయాయి. 1962లో పాలీకి మారాడు. ఆ రోజుల్లోనే టెఫ్లాన్‌నూ పాలీనీ తన తొడలోనే పెట్టించుకుని ఏమవుతుందో చూశాడు. టెఫ్లాన్ పెట్టిన చోట గడ్డలు కట్టాయి, పాలీ పెట్టిన చోట కట్టలేదు. రోగికి పెట్టే పదార్థాన్ని తన ఒంట్లో కూడా పెట్టుకున్న ఆ మనిషి మీద నాకున్న గౌరవం చెప్పలేనిది. అయినా, పాలీ ఎంత అరుగుతుందో ల్యాబులో సరిగ్గా పట్టుకోవడానికి ఆ తరువాత ముప్పై ఏళ్ళు పట్టింది. ముందుకూ వెనక్కూ మాత్రమే జరిపే యంత్రాలు శరీరంలో కనిపించే దానికంటే చాలా తక్కువ అరుగుదల చూపేవి. దారి అడ్డంగా దాటాలన్న సంగతి 1990లలో స్థిరపడింది.

వెన్నెముక డిస్కుల పరీక్షలూ అదే బాటలో నడిచాయి. అమెరికాలోని ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ఎఫ్2423 మార్గదర్శకం ఒక్కో కదలికను విడివిడిగా పరీక్షించడానికి కూడా వీలిచ్చింది. ఐఎస్ఓ మాత్రం మూడింటినీ కలిపి, పావు చక్రం తేడాతో నడపమంది. రెండు ప్రమాణాల కింద వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టి ఒక డిస్క్ మరొకదానికంటే మంచిదనడం సరికాదు.

60 లక్షలు

తూచాం. మళ్ళీ తూచాం. మర్నాడు గది మారకుండా చూసుకుని ఇంకోసారి తూచాం.

ఒకే దిక్కులో నడిచిన పది లక్షల చక్రాల్లో ఆరు డిస్కుల అరుగుదల ఏడో డిస్క్ సవరణ తరువాత త్రాసు అనిశ్చితిలోనే ఉండిపోయింది. సున్నా అని రాయను, సున్నా నుంచి వేరుచేసి చెప్పలేనంత తక్కువ అని రాస్తాను. అంతకుముందు ప్రతి పది లక్షలకూ రెండు మిల్లీగ్రాముల పైన పోయేది.

మైక్రోస్కోపులో ఉపరితలం కూడా మారింది. ముందు ఏ దిక్కూ లేకుండా మెరిసేది, ఇప్పుడు వంపు దిక్కుకు సమాంతరంగా సన్నని చారలు. ఊహించిందే అయినా కంటితో చూసినప్పుడు ఒళ్ళు పులకరించింది.

దీనర్థం ఏమిటో స్పష్టంగా రాయాలి. ఇదే డిస్కును ముందుకూ వెనక్కూ మాత్రమే వంచి పరీక్షించి, అరుగుదల దాదాపు లేదని నివేదిక ఇవ్వవచ్చు. ఆ నివేదికలో ఒక్క అంకె కూడా అబద్ధం ఉండదు. కానీ ఆ డిస్క్ పెట్టించుకున్న మనిషి భుజం మీదుగా వెనక్కి చూసిన రోజున ఆ నివేదిక అతనికి ఏమీ చెప్పదు. మెడ ఎప్పుడూ ఒకే తలంలో కదలదు. పక్కకు తిప్పితే కొంచెం వాలుతుంది కూడా.

మూడు కదలికలనూ మళ్ళీ కలిపాం.

70 లక్షలు

రేటు తిరిగి వచ్చింది. మొదటి ఐదు లక్షలకే పాత వాలుకు చేరింది. వరుసగా పడుకున్న గొలుసుల పొర రక్షణగా నిలబడుతుందా అని ఒక చిన్న ఆశ ఉండేది. నిలబడలేదు. పొర చాలా పలచన, దిక్కు మారగానే పోయింది.

నాలుగో స్టేషన్ మిగతా వాటితో సమానంగానే నడుస్తోంది. తొడుగు చిరిగిన విడతలో అది మిగతా వాటికంటే ఎక్కువ అరిగింది కానీ, ఆ దెబ్బ తరువాతి విడతలకు సాగలేదు. దాన్ని పట్టికలో ఉంచడం మంచిదైంది, ఇప్పుడు ఈ మాట రుజువుతో చెప్పగలుగుతున్నాం.

కోటీ 10 లక్షలు

కౌంటర్ కోటి దాటి పది లక్షలు ఎందుకు పోయిందంటే, ఒకే దిక్కులో నడిపిన పది లక్షలను ప్రమాణం లెక్కలోకి తీసుకోకూడదు. ప్రామాణిక దారిలో సరిగ్గా కోటి పూర్తయ్యాకే ఆపాం.

నివేదికలో మూడు వరుసలుంటాయి. ప్రామాణిక దారిలో రేటు, నాలుగో స్టేషన్ చిరిగిన విడత కలిపి. అదే రేటు, ఆ విడత విడిచి. ఒకే దిక్కులో రేటు. మూడింటికీ 95 శాతం విశ్వాస హద్దులు, అంటే అసలు రేటు ఏ పరిధిలో ఉండవచ్చో చెప్పే అంకెలు. ఆరు నమూనాలే ఉన్నాయి కాబట్టి ఆ హద్దులు వెడల్పుగానే ఉంటాయి, వాటిని దాచకుండా సగటు పక్కనే వేయాలి.

వాడిన సీరం ప్రతి విడతదీ ఫ్రీజర్‌లో ఉంది. దాన్ని క్షారంతో జీర్ణం చేసి, ప్రొటీన్లు పోయాక సన్నని పాలీకార్బొనేట్ ఫిల్టరు మీద వడపోసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో రేణువులు లెక్కపెట్టాలి. ఒకే దిక్కులో నడిచిన విడత సీరం మీద నాకు ప్రత్యేక ఆసక్తి. మొత్తం తక్కువైనా, వచ్చిన కొద్ది రేణువులు ఏ పరిమాణంలో ఉన్నాయో తూకం చెప్పదు.

ఇక ముందు చేయాల్సిన పెద్ద పని వేరే ఉంది. కృత్రిమ డిస్కుల చరిత్ర తెలిసినవాళ్ళకు షారిటే డిస్క్ గుర్తుంటుంది. తూర్పు బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రిలో కుర్ట్ షెల్నాక్, కారిన్ బ్యూట్నర్-యాంజ్ కలిసి చేసిన నడుము డిస్క్ అది. మొదటిసారి 1984లో పెట్టారు. బ్యూట్నర్-యాంజ్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జిమ్నాస్టిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచిన మనిషి కూడా. వెన్నెముక ఎంత వంగగలదో తన ఒంటితో తెలిసిన వైద్యురాలు. 2004లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. తరువాత రోగుల నుంచి బయటికి తీసిన డిస్కులను స్టీవెన్ కుర్ట్జ్ బృందం పరిశీలించి 2007లో ప్రచురించింది. గోపురం మీద మామూలు అరుగుదలతో పాటు, పాలీ అంచులు లోహపు పలకల మధ్య నలిగి, పగిలిపోయిన చోట్లు వాళ్ళకు కనిపించాయి. మేం ఇప్పటిదాకా చేసిన కోటి చక్రాల్లో అంచు ఒక్కసారి కూడా దేన్నీ తాకలేదు. 7.5 డిగ్రీల దగ్గర తాకదు, తాకకుండానే డిజైన్ చేస్తారు. కానీ డిస్క్ కొంచెం వంకరగా కూర్చున్నా తాకవచ్చు.

నడుము డిస్కులకు ఈ అంచు తాకిడి పరీక్ష కోసం 2017లో ఐఎస్ఓ 18192-3 వచ్చింది. మెడకు దాన్ని అలాగే వాడలేం, బరువులూ కోణాలూ వేరు. ఏఎస్‌టీఎం ఎఫ్3295 మార్గదర్శకం ఆధారంగా మా సొంత కోణాలు ఎంచుకుంటున్నాం. డిస్కును మొదటే కొన్ని డిగ్రీలు వాల్చి బిగించే ఫిక్స్చర్ వర్క్‌షాప్‌లో తయారవుతోంది. ఆ పరీక్షకు కోటి చక్రాలు అక్కర్లేదు, పది లక్షలతో మొదలుపెడతాం. కొత్త డిస్కులు ఈ పాటికే సీరంలో నానుతున్నాయి. వాటి పక్కన వాల్చి బిగించిన కదలని డిస్క్ ఒకటి ఉంటుంది. అంచు మీద బరువు పడితే నీరు పీల్చుకునే తీరు మారుతుందేమో ముందు అదే చూడాలి.